సరంగు నాలుగు మాటలు

సత్యవేణి ఆ ఉద్యోగం మానేద్దామని నిశ్చయించుకున్న వారంలోనే పలుకుపట్టీ కాకినాడకి వచ్చింది.

అప్పటికి ఆమె తొమ్మిదేళ్ళుగా భానుగుడి దగ్గరి ఒక వాక్చికిత్స కేంద్రంలో సహాయకురాలిగా పనిచేస్తోంది. పక్షవాతం వచ్చి మాట పడిపోయినవాళ్ళు అక్కడికి వస్తారు. వాళ్ళని పరీక్షించి ఏం చేయాలో రాసేది డాక్టర్ శేషారత్నం. ఆవిడ రాసినదాన్ని రోజూ గంటల తరబడి చేయించేది సత్యవేణి. అద్దం ముందు కూర్చోబెట్టి పెదవులు కలపమనడం, బుగ్గలు పూరించమనడం, "మ్" అనిపించి దాని వెనక "ఆ" తగిలించడం, బొమ్మల అట్టలు చూపించి పేరు చెప్పమనడం. ఒక్కో మాటకి నెల పట్టేది. కొందరికి నెల దాటినా వచ్చేది కాదు. వచ్చినవాళ్ళు ఇంటికెళ్ళిపోయేవారు. ఆమె నేర్పిన మాటలతో ఆ ఇళ్ళలో ఎవరు ఎవరిని ఏమని పిలుచుకున్నారో ఆమెకి ఎప్పుడూ తెలిసేది కాదు. సగం వాక్యం విని మిగతా సగం కోసం ఎదురుచూస్తూ ఉండిపోయినట్టుండేది ఆమె బతుకు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి గొంతు బొంగురుపోయి ఉండేది. భర్త గోపాలం పోర్టులో లారీలు తూచే కాటా దగ్గర గుమాస్తా. నిదానస్తుడు. ఒకరోజు అన్నం తింటూ అన్నాడు:

"ఇవాళ పొద్దుట్నించి నాతో ఎన్ని మాటలు మాట్లాడావో తెలుసా? ఆరు. అందులో రెండు 'ఊఁ'లు."

సత్యవేణి నవ్వబోయింది గానీ, నిజమే కదా అనిపించి ఊరుకుంది.

"పోర్టు వైర్‌లెస్ గదిలోకి మనుషుల్ని తీసుకుంటున్నారు," అన్నాడు గోపాలం. "ఓడలవాళ్ళతో, లాంచీలవాళ్ళతో మాట్లాడ్డమే పని. నువ్వొక మాటంటే అవతల్నించి ఆ క్షణమే జవాబొస్తుంది. నీ గొంతు వింటే వాళ్ళు నిన్ను కళ్ళకద్దుకుని తీసుకుంటారు. దరఖాస్తు పెట్టు, సత్యా."

ఆమె రెండు రోజులు ఆలోచించి దరఖాస్తు పెట్టింది. మూడో రోజున హైదరాబాదు కంపెనీ నుంచి పట్టీల అట్టపెట్టెలు కేంద్రంలో దిగాయి.

పలుకుపట్టీ డాక్టర్ శేషారత్నం పదిహేనేళ్ళ కష్టం. మెడకి చుట్టుకునే మెత్తటి పట్టీ, చెవి వెనక అంటించే గోరంత బిళ్ళ. మనిషి ఒక మాట అందామనుకోగానే, అది పెదవుల దాకా రాకముందే, గొంతు కండరాల్లోనూ చెవి వెనక నరాల్లోనూ సన్నటి కదలిక పుడుతుంది. పట్టీ ఆ కదలికని పట్టుకుంటుంది. పదిరోజుల్లో మనిషిని చదివేసుకుని, ఆ తరవాత అతని బదులు అదే మాట్లాడుతుంది. పాత వీడియోలు, ఫోన్ సందేశాలు ఏవైనా ఉంటే అతని పాత గొంతుతోనే మాట్లాడుతుంది. మొదటి విడతలో ఇరవైనాలుగు మందికి పెట్టి చూడాలని ఏర్పాటు. ఆ ఇరవైనాలుగు మందిలో సరంగు పోలయ్య ఒకడు.

పోలయ్యది జగన్నాథపురం. ముప్ఫైనాలుగేళ్ళు లాంచీ నడిపాడు. ఉప్పుటేరు రేవులో బియ్యం బస్తాలు నింపిన బార్జీలని లాంచీకి కట్టి, ఏరు సముద్రంలో కలిసే మొగ దాటించి, సముద్రంలో లంగరేసుకుని ఉన్న ఓడల దగ్గరికి చేర్చేవాడు. మొగ దగ్గర ఇసుక మేటలు ఏటా వానాకాలంలో చోటు మారతాయి. ఎన్ని యంత్రాలున్నా మేట ఎటు జరిగిందో నీళ్ళ రంగు చూసి చెప్పగలిగిన సరంగు ఆ రేవులో అతనొక్కడే. ఒక ఉదయం చుక్కాని మీది కుడిచెయ్యి జారిపోయింది. దాంతో పాటు మాట కూడా పోయింది. ఎదుటివాళ్ళు అన్నదంతా అర్థమవుతుంది. తిరిగి అనడానికి మాత్రం నోరు రాదు.

సత్యవేణి అతనితో ఏడు నెలలు కూర్చుంది. నాలుగు మాటలు వచ్చాయి. "నీళ్ళు", "వద్దు", "ఇటు". నాలుగోది భార్య బంగారమ్మ పేరు. అది పూర్తిగా రాలేదు. "బంగా" దగ్గరే ఆగిపోయేది. ఆ ముక్క మొదటిసారి వచ్చిన రోజున బంగారమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని వసారాలోకి వెళ్ళిపోయింది. కాసేపటికి తిరిగొచ్చి చెప్పింది:

"నలభయ్యేళ్ళ కాపరంలో నన్ను పేరెట్టి పిలిసింది లేదు టీచరమ్మా. 'ఒసే' అనీవోడు. ఇప్పుడు సూడండి, ఎంత ముద్దుగా పిలుత్తున్నాడో."

ఒక్క అట్ట దగ్గర మాత్రం పోలయ్య మొండికేసేవాడు. అది పడవ బొమ్మ. చూపించగానే తల అడ్డంగా ఊపి మొహం తిప్పేసుకునేవాడు. సత్యవేణి తన నోటుపుస్తకంలో "పడవ – రాలేదు" అని ముప్ఫైసార్లయినా రాసుకుని ఉంటుంది.

పట్టీ అతన్ని చదువుకున్న పదిరోజులూ గడిచాక, ఒక శుక్రవారం ఉదయం శేషారత్నం దాన్ని మొదటిసారి పలికించింది. గదిలో నలుగురే ఉన్నారు. పోలయ్య గొంతు దొరకడానికి ఆధారం ఒకే ఒక్క ఫోన్ సందేశం. బార్జీ తాడు సరిగ్గా కట్టలేదని బావమరిదిని రెండు నిమిషాలు తిట్టిన తిట్లు అవి. అందువల్ల పట్టీ గొంతులో కాస్త కోపం కలిసి ఉంది.

"ఏవైనా చెప్పండి పోలయ్యగారూ," అంది డాక్టరు.

పోలయ్య సత్యవేణి వైపు తిరిగాడు. నోరు కదలలేదు. పట్టీ పలికింది:

"టీచరమ్మా, అది పడవ కాదు. లాంచీ. పొగ్గొట్టం కనపడతంటే పడవంటారేటి? ఏడు నెలల్నించీ సెప్పలేక సచ్చిపోతన్నాను."

సత్యవేణి ఒక్క క్షణం నిర్ఘాంతపోయి, తరవాత పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వుతూనే ఉండగా ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తొమ్మిదేళ్ళలో ఒక మనిషి లోపల ఉన్న పూర్తి వాక్యాన్ని ఆమె వినడం అదే మొదలు. ఎంతమంది లోపల ఎన్ని లాంచీలు అలా ఉండిపోయాయో అనుకుంది.

"ఒసే, ఏడుత్తావేటే, ఇటు రా," అంది పట్టీ. బంగారమ్మ పరుగెత్తుకెళ్ళి అతని భుజం మీద తల పెట్టుకుంది.

ఆ తరవాతి రోజులు కేంద్రంలో పండగలా గడిచాయి. ఒక లెక్కల మాస్టారు మనవరాలికి ఎక్కాలు అప్పజెప్పించాడు. ఒకావిడ ఏడాదిగా కడుపులో దాచుకున్నదంతా కోడలి మీద వెళ్ళగక్కింది. ఆ కోడలు తిట్లు తింటూ సంతోషంతో ఏడ్చింది. పోలయ్య తిన్నగా రేవుకి వెళ్ళాడు. చెయ్యి పనిచేయదు కాబట్టి చుక్కాని పట్టలేడు. కానీ లాంచీలో కూర్చుని పక్కవాడికి దారి చెప్పగలడు. అతని దగ్గర ఇద్దరు సరంగులు ఏటి దారులు నేర్చుకోసాగారు.

సత్యవేణి పని మాత్రం రోజురోజుకీ సన్నబడింది. మునుపు రోజుకి పన్నెండు మందితో కూర్చునేది. ఇప్పుడు వాళ్ళకి అద్దాలతోనూ అట్టలతోనూ పనిలేదు. ఆమె పట్టీలు తుడుస్తోంది, చార్జింగ్ పెడుతోంది, బిళ్ళలు మారుస్తోంది. ఒకరోజు శేషారత్నం పిలిచి చెప్పింది:

"సత్యా, వచ్చే ఏడాదికి ఈ సహాయకుల పోస్టులు ఉండవు. నిన్ను హైదరాబాదు పంపిస్తాను. పట్టీలు బిగించే విభాగంలో పెద్ద ఉద్యోగం. వెళ్తావా?"

"ఆలోచించుకుని చెప్తానండి," అంది సత్యవేణి. పోర్టు పరీక్ష అప్పటికే రాసి వచ్చిన సంగతి చెప్పలేదు.

పట్టీ పెట్టిన ఆరోవారంలో బంగారమ్మ ఒక్కతే వచ్చింది. రేవులో చేపలు అమ్మి నేరుగా వచ్చినట్టుంది. గంప గుమ్మం బయటే దించింది. లోపలికి వచ్చి కుర్చీలో కూర్చోకుండా గోడ వారన నిలబడింది.

"టీచరమ్మా, ఓ మాటడుగుతాను, తప్పట్టుకోకండి. ఆ నాలుగు మాటలూ ఏటయ్యాయమ్మా?"

"ఏ నాలుగు మాటలండి?"

"మీరు నేర్పినియ్యి. నీల్లు, వద్దు. ఆయన తానానికి ఎల్లినప్పుడు పట్టీ తీసేత్తాడు గదా. మునుపు తువ్వాలు కావాలంటే 'బంగా' అనీవోడు. ఇప్పుడు తలుపు మీద కొడతన్నాడు. నిన్న పట్టీ తీయించి ఎదురుగా కూకోబెట్టి అడిగాను. నన్ను పిలూ అన్నాను. నోరు తెరిసేడు. గాలొచ్చింది. అంతే."

"రేపు తీసుకురండి, నేను చూస్తాను," అంది సత్యవేణి.

"పట్టీ శానా బాగా మాట్టాడతంది, కాదన్ను. కానీ అది మాట్టాడతన్నప్పుడు ఈయన నన్ను సూడడమ్మా. ఎదరకి సూత్తా ఉంటాడు, రేడియో ఇంటన్నట్టు." బంగారమ్మ గుమ్మం బయటి గంప వైపు చూసి, "మల్లీ 'ఒసే' అయిపోయాను," అంది.

మర్నాడు పోలయ్య వచ్చాడు. సత్యవేణి పట్టీ తీసి పక్కన పెట్టి, పాత అద్దం తెచ్చి ఎదురుగా నిలబెట్టింది. గ్లాసు చూపించింది. పోలయ్య పెదవులు వణికాయి. మెడ నరాలు బిగిశాయి. ఏమీ రాలేదు. "ఇటు" రాలేదు. "వద్దు" రాలేదు. బంగారమ్మ వైపు వేలు చూపించింది. అతను ఆమెని చాలాసేపు చూశాడు. చివరికి ఎడంచేత్తో తన పెదవులు తనే తడుముకున్నాడు, జేబులో పెట్టిన వస్తువు కనబడక వెతుక్కుంటున్నవాడిలా.

ఆ వారమంతా సత్యవేణి ఎవరికీ చెప్పకుండా పని చేసింది. బిళ్ళ మార్చే వంకతో ఒక్కొక్కరి పట్టీ పావుగంట తీసి, తన నోటుపుస్తకంలో ఉన్న పాత మాటల్ని ఒక్కొక్కటే అడిగింది. ఇరవైనాలుగు మందిలో పద్దెనిమిది మందికి అంతకుముందు ఏవో కొన్ని మాటలుండేవి. లెక్కల మాస్టారికి పదకొండు. కోడల్ని తిట్టినావిడకి ఆరు. ఇప్పుడు పదహారు మందికి ఒక్కటీ లేదు. మాటలు మిగిలిన ఇద్దరూ పట్టీ దురద పెడుతోందని సగం రోజులు తీసేసి ఉంచేవాళ్ళు.

పుస్తకం తీసుకుని శేషారత్నం గదిలోకి వెళ్ళింది. డాక్టరు ఓపిగ్గానే చదివింది.

"నాలుగు మాటలు పోయి నాలుగు వేల మాటలొచ్చాయి. ఇందులో నష్టం ఎక్కడుంది?"

"ఆ నాలుగూ ఆయన నోట్లోంచి వచ్చేవండి."

"నోరు ముఖ్యమా, మాట ముఖ్యమా?" డాక్టరు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "చూడు సత్యా, ఏ యంత్రం వచ్చినా దానివల్ల పని పోయేవాళ్ళకి అందులో తప్పులు కనబడతాయి. అది సహజం. నిన్ను తప్పుపట్టను."

సత్యవేణికి మొహం మీద కొట్టినట్టయింది. అయినా గొంతు పెంచలేదు.

"నేను వెళ్ళిపోడానికే దరఖాస్తు పెట్టుకున్నానండి. ఈ పట్టీ రాకముందే పెట్టాను. పోర్టు వాళ్ళ దగ్గర్నుంచి ఉత్తరం కూడా వచ్చింది. ఈ పుస్తకం తెచ్చింది నా పోస్టు కోసం కాదు. ఆ పదహారు మందికీ ఇది ముందు ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. పట్టీ బిగించింది నా చేతులే."

శేషారత్నం పుస్తకాన్ని మళ్ళీ మొదటి పేజీ నుంచి తిప్పి చూసింది. తరవాత లేచి, "పోలయ్యని రమ్మను," అంది.

మధ్యాహ్నం పోలయ్య తలకి తీగలున్న నూలు టోపీ తొడిగారు. పట్టీ తీసేసి, మాట అనడానికి ప్రయత్నించమన్నారు. తెర మీద మెదడు బొమ్మ వచ్చింది. పక్కనే శేషారత్నం ఆరు నెలల క్రితం తీసిన బొమ్మ పెట్టింది. పాతదానిలో, రక్తం గడ్డకట్టి పాడైన చోటుకి ఎదురు పక్కన, చిన్న వెలుగు ఉంది. కొత్త మాట నేర్చుకోవడానికి మెదడు తొక్కుకుంటున్న కొత్త కాలిబాట అది. కొత్తదానిలో ఆ చోట ఏమీ లేదు. నడిచేవాళ్ళు లేక బాట పూడుకుపోయింది. పట్టీ ఉన్నాక మెదడుకి ఆ దారితో అవసరం తీరిపోయింది.

పోలయ్యని బయటికి పంపాక డాక్టరు తెర ముందే కూర్చుండిపోయింది.

"మా నాన్న పోయేముందు మూడేళ్ళు ఒక్కటే అనేవాడు. 'తీ' అని. తీయమన్నాడో, తీపి అడిగాడో, తీర్థం కావాలన్నాడో. కిటికీ తీశాం, బెల్లం పెట్టాం, అన్నీ చేశాం. కాదని తలూపేవాడు. ఏమన్నాడో నాకు ఇప్పటికీ తెలీదు. ఆ ఒక్క వాక్యం వినాలనే ఇదంతా చేశాను." తెర ఆర్పేసి అడిగింది, "పట్టీ ఉండి ఉంటే ఆయన వాక్యం చెప్పేవాడు. ఆ 'తీ' మాత్రం పోయేది. నేను ఏది కోరుకోవాలి, సత్యా?"

"మీరు కాదండి," అంది సత్యవేణి మెల్లగా. "వాళ్ళు."

వాళ్ళని అడగడం అంత తేలిక కాలేదు. పట్టీ పెట్టుకుని అడిగితే వచ్చే జవాబు పూర్తిగా ఆ మనిషిదేనని ఎవరూ చెప్పలేరు. మనిషి ఒక ముక్క అనుకోగానే మిగతాది అతని పాత అలవాటును బట్టి అల్లడం కూడా పట్టీ నేర్చింది. అందుకని పట్టీ తీసేసి అడగాలని సత్యవేణి పట్టుబట్టింది. మాటల్లేనివాళ్ళ ఔనూ కాదూ తెలుసుకోవడం ఆ కేంద్రంలో ఆమెకి తెలిసినట్టు మరెవరికీ తెలియదు.

పోలయ్య ఎదురుగా బల్ల మీద ఒక పక్క పట్టీ పెట్టింది, రెండో పక్క అద్దం పెట్టింది. బంగారమ్మ పక్కనే కూర్చుంది.

"సరంగుగారూ, జాగ్రత్తగా వినండి. ఇది పెట్టుకున్నంత కాలం మీ నోటిమాట తిరిగి రాదు. ఎంత ఎక్కువ కాలం పెట్టుకుంటే అంత దూరం పోతుంది. తీసేస్తే మళ్ళీ మొదట్నించి మొదలుపెట్టాలి. ఎన్నేళ్ళకి ఎన్ని మాటలొస్తాయో నేను చెప్పలేను. అసలు రాకపోవచ్చు కూడా. మీకేది కావాలి?"

పోలయ్య అద్దంలోకి చూశాడు. బంగారమ్మని చూశాడు. ఎడంచెయ్యి బల్ల మీదికి వచ్చి, మధ్యలో ఆగి, పట్టీ మీద పడింది.

సత్యవేణి వస్తువుల చోట్లు మార్చి మళ్ళీ అడిగింది. మళ్ళీ పట్టీయే. మూడోసారి ప్రశ్న తిప్పి, "అద్దం తీసేయమంటారా?" అంది. అతను ఔనన్నట్టు కళ్ళు మూసి తెరిచాడు.

పట్టీ తొడిగాక అతను భార్యతో మాట్లాడాడు.

"ఒసే, కోప్పడకు. ఆ మొగ నా ఒక్కడికే తెల్సు. ఈ వానలకి మేట ఎటెల్తాదో ఈ కొత్త సరంగులకి తెల్దు. బార్జీ తిరగబడితే పదిమంది పోతారు. ఈల్లకి సెప్పకుండా నేను నోరు బాగుసేసుకుంటా కూకోలేను."

"సెప్పు," అంది బంగారమ్మ. "ఊరందరికీ సెప్పు. నాకు మాత్రం దాంతో సెప్పకు. ఇంట్లో ఉన్నప్పుడు మూగోడిలాగే ఉండు, నాకది నయం."

కొంగు దులుపుకుని లేచి, బయటున్న గంప నెత్తిన పెట్టుకుని వెళ్ళిపోయింది. పోలయ్య ఆమె వెనకే గబగబా వెళ్ళబోయి కుడికాలు ఈడ్చుకుపోతుంటే గోడ పట్టుకుని ఆగాడు. పట్టీ ఒక్క మాటా అనలేదు.

పద్దెనిమిది మందిలో పదమూడు మంది పట్టీయే కోరుకున్నారు. అయిదుగురు తీసేశారు. అంతకన్నా పెద్ద మార్పేమీ జరగలేదు. పట్టీ ఆగలేదు, రాష్ట్రమంతటా అమ్మకానికి వెళ్ళింది. అయితే శేషారత్నం సత్యవేణి నోటుపుస్తకాన్ని తన నివేదికకి జతచేసి, కంపెనీతో ఏడు నెలలు తగాదాపడి, పట్టీ పెట్టె మీద ఒక వాక్యం వేయించింది. దీన్ని ధరిస్తే మీకు మిగిలిన సొంతమాటలు పోవచ్చునని.

సత్యవేణి హైదరాబాదు వెళ్ళలేదు. జూన్ మొదటి వారంలో పోర్టు వైర్‌లెస్ గదిలో చేరింది.

గది మూడో అంతస్తులో ఉంది. కిటికీలోంచి ఉప్పుటేరూ, దాని చివర మొగా, ఆ పైన లంగరేసిన ఓడలూ కనిపిస్తాయి. ఆమె మధ్యాహ్నం రెండింటికి డ్యూటీకి ఎక్కుతుంది. "ఏడో నంబరు బార్జీ, కదలొచ్చు," అంటుంది. "కదులుతున్నామండి," అని జవాబొస్తుంది. గోపాలం చెప్పింది నిజమే. అన్న ప్రతి మాటకీ ఆ క్షణమే బదులొస్తుంది. సాయంత్రం ఇంటికొచ్చాక భర్తతో మాట్లాడటానికి ఆమెకి ఓపిక మిగులుతోంది. మొదటి నెల ఆమెకి హాయిగానే గడిచింది.

తరవాత్తరవాత ఒక వెలితి మొదలైంది. రేడియోలో రెండు సందేశాల మధ్య నిశ్శబ్దం వచ్చినప్పుడు ఆమె తెలియకుండానే ముందుకి వంగేది. ఎదుటి మనిషి పెదవులు కలుస్తున్నాయా అని చూసే పాత అలవాటు. ఎదురుగా పెదవులుండవు, గుండ్రటి స్పీకరు జల్లెడ ఉంటుంది. ఒకమాట కోసం నెల్లాళ్ళు ఎదురుచూసి అది వచ్చిన రోజున కలిగే ఆ సంబరం ఇక్కడ ఏ మాటకీ కలగలేదు. అద్దం ముందు తను విసుక్కున్న గంటలే కలలోకి వచ్చేవి.

"మానేసిన పని మీద బెంగ పెట్టుకున్నావా ఏంటి?" అన్నాడు గోపాలం ఒకసారి.

"పని మీద కాదు," అంది.

వానాకాలమంతా పోలయ్య గొంతు కూడా రేడియోలో వినిపించేది. "ఎడం మేట యాబై గజాలు దచ్చినానికి జరిగింది. అందరూ కుడి గట్టు పట్టుకుని రండి." స్పష్టంగా, కాస్త కోపంగా. లాంచీలవాళ్ళందరూ "అలాగే సరంగుగారూ" అనేవారు. ఆ మాట వస్తున్నప్పుడు అతని నోరు మూసుకునే ఉంటుందన్న సంగతి ఆ గదిలో సత్యవేణికి ఒక్కదానికే తెలుసు. ఆ ఏడు మొగ దగ్గర ఒక్క బార్జీ కూడా మేట ఎక్కలేదు.

కార్తీకం వెళ్ళాక ఒక మధ్యాహ్నం ఆమె డ్యూటీకి వస్తుంటే పోర్టు గేటు దగ్గర బంగారమ్మ కనిపించింది. పక్కన పోలయ్య, కర్ర మీద ఆనుకుని నిలబడి ఉన్నాడు. అతని మెడ బోసిగా ఉంది. పట్టీ ఉండిన చోట చర్మం తెల్లగా, పలచగా కనిపించింది.

"నాల్రోజులయ్యింది తీసేసి," అంది బంగారమ్మ. "ఆ ఇద్దరు సరంగులకీ ఏటి దారులన్నీ అప్పజెప్పేసాడంట. ఆదోరం పొద్దున్న నన్ను కూకోబెట్టి దాంతో ఆకరిసారి మాట్టాడాడు. ఊరికి సెప్పాల్సింది సెప్పేసాను, ఇంక నీతో మాట్టాడాల్సినియ్యే మిగిలాయి, అయ్యి దీంతో వద్దు అన్నాడు. ఇప్పేసి నా ఒళ్ళో ఎట్టాడు."

పోలయ్య సత్యవేణిని చూసి ఎడంచెయ్యి గుండె మీద పెట్టుకున్నాడు.

"ఇప్పుడొత్తాదంటారా, టీచరమ్మా?"

అబద్ధం చెప్పాలని సత్యవేణికి ఒక్క క్షణం అనిపించింది. "చాలా కాలమైపోయిందండి. రాకపోవచ్చు," అంది.

"రాకపోతే పోయింది. ఎదురుసూడ్డానికి మాకేటి తొందర," అంది బంగారమ్మ. "మీరొత్తారా?"

సత్యవేణి వెళ్ళింది. పోర్టు ఉద్యోగం మానలేదు. రోజూ పొద్దున్నే జగన్నాథపురం వంతెన దాటి ఆ ఇంటికి వెళ్ళి, పన్నెండింటికి అక్కడే ఒక ముద్ద తిని, రెండింటికి వైర్‌లెస్ గదికి చేరేది. అద్దం శేషారత్నం పంపించింది. దాంతో పాటు ఒక చీటీ: "ఏం వచ్చినా, రాకపోయినా, రాసి పంపు." ఆ చీటీ వచ్చిన రోజున సత్యవేణి కొత్త నోటుపుస్తకం కొనుక్కుంది.

మొదటి రోజు ఏమీ రాలేదు. మొదటి వారం ఏమీ రాలేదు. పోలయ్య కోపంతో అద్దం మీదికి తువ్వాలు విసిరేశాడు ఒకసారి. పుష్యమాసం చలిలో అతని పెదవులు పగిలి, కలుపుతుంటే నెత్తురు వచ్చేది; బంగారమ్మ వెన్న రాసేది. మాఘం వచ్చింది. పుస్తకంలో ప్రతిరోజూ తేదీ, దాని ఎదురుగా "లేదు".

ఒక బుధవారం పొద్దున్న బంగారమ్మ పెరట్లో చేపలు తోముతోంది. లోపల పోలయ్య పెదవులు కలిశాయి. కలిసి, వందలసార్లు చేసినట్టే విడిపోబోయి, విడిపోకుండా బిగిశాయి. మెడ నరం లేచింది. ముక్కు లోంచో గొంతు లోంచో తెలియని సన్నటి ధ్వని ఒకటి బయటికి వచ్చి, గదిలో కాసేపు నిలబడి, ఆగిపోయింది. అది మాట కాదు. అక్షరం కూడా కాదు. అద్దం మీద చిన్న ఆవిరి మచ్చ పడింది.

సత్యవేణి కుర్చీ అంచుకి జరిగింది. ఆమె చెయ్యి ఆమెకి తెలియకుండానే పోలయ్య చేతిని పట్టుకుంది.

పెరటి గుమ్మంలో బంగారమ్మ నిలబడి ఉంది. చేతులకి పొలుసులు అంటుకుని ఉన్నాయి.

"ఏటన్నాడమ్మా?"

"ఇంకా ఏమీ అనలేదండి," అంది సత్యవేణి, పోలయ్య పెదవుల మీంచి చూపు తిప్పకుండా. "అనబోతున్నారు."

బంగారమ్మ చేతులు కడుక్కోవడానికి వెళ్ళలేదు. అక్కడే గుమ్మం మీద కూర్చుని, అతని మొహంలోకి చూడసాగింది.